ఓటీజీ పిన్నా, రెండు మూతుల పెన్‌డ్రైవా, హబ్బా: ఫోనుకి ఏది తగిలించాలో కొనేముందే తేల్చుకోండి

మా కొట్టుకి వచ్చి "ఓటీజీ ఒకటి ఇయ్యి బాబూ" అంటారు, అంటే ఫోను జాకుకి పెన్‌డ్రైవ్, మౌస్ లాంటివి తగిలించుకునే పిన్ను, దేనికండీ అంటే "ఫోనుకే, ఇంక దేనికి" అని కసురుతారు. ఫోనుకే, కాదనట్లేదు, కానీ దానికి అవతలి పక్కన ఏటి పెడతారో తెలీకుండా నేనిచ్చేస్తే రేపు పొద్దున్నే అదే పిన్ను నా కౌంటర్ మీదకి తిరిగొస్తది, పక్కన నాలుగు తిట్లు కూడా. పర్లాకిమిడి బజార్లో ఫోన్ సామాన్లు, జెరాక్సు, ఆన్‌లైన్ పనులు అన్నీ కలిపి చూసుకునే చిన్న కొట్టు మాది, ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు, కొండ మీంచి దిగొచ్చే సవర వాళ్ళు, ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు అందరూ గిరాకీలే, అందరికీ ఇదే ప్రశ్న. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తన్నాను. మా ఊళ్ళో పంతులుగా ఉండే గిడుగు రామమూర్తి గారు వాడుక భాషలో రాయమని అంత పోరాడారు కదా, నేను ఇలగే మాట్లాడినట్టే రాస్తాను, ఏమీ అనుకోకండి.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. మామూలుగా ఫోన్ని కంప్యూటర్‌కి పెడితే కంప్యూటర్ యజమాని, ఫోను పనివాడు. ఓటీజీ పెడితే ఫోనే యజమాని. యజమాని అన్నాక రెండు బాధ్యతలు ఉంటాయి, పని చెప్పాలి, తిండి పెట్టాలి, అంటే డేటాతో పాటు కరెంటు కూడా ఫోనే ఇవ్వాలన్నమాట. పెన్‌డ్రైవ్, మౌస్, కార్డు రీడర్ లాంటివి కాస్త తిని ఊరుకుంటాయి. హార్డ్‌డిస్క్ అలగ కాదు, దానిది పెద్ద ఆకలి. యూఎస్‌బీ 2 రూల్ ప్రకారం ఒక పోర్టు నుంచి 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900, అది కంప్యూటర్ లెక్క, చిన్న ఫోన్లు అంత కూడా ఇవ్వకుండా చేతులెత్తేస్తాయి. కాబట్టి ఏది కొనాలి అన్నదానికి జవాబు పిన్ను ఆకారంలో లేదు, అవతలి వస్తువు ఎంత తింటాది అన్నదాంట్లో ఉంది.

మీ ఫోను అసలు ఓటీజీ ఒప్పుకుంటదా అన్నది రూపాయి ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు, పక్కింటి వాళ్ళ పిన్ను ఒకటి అడిగి తెచ్చి మౌస్ పెట్టి చూడండి, స్క్రీన్ మీద బాణం గుర్తు వచ్చిందంటే ఫోన్ బాగానే ఉన్నట్టు. ఆండ్రాయిడ్‌లో ఈ సంగతి 3.1 నుంచే, అంటే 2011 నుంచే ఉంది, ఇప్పుడొచ్చే టైప్ సీ ఫోన్లలో దాదాపు అన్నిట్లో ఉంటది. రాలేదు అంటే వెంటనే పాడైపోయింది అనుకోకండి, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో ఓటీజీ కనెక్షన్ అని ఒక స్విచ్ ఉంటది, అది ఆన్ చెయ్యాలి, పది నిమిషాలు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతది కూడా, నిన్న పనిచేసింది ఇవాళ చెయ్యట్లేదు అని వచ్చేవాళ్ళకి నేను చేసేది ఆ స్విచ్ నొక్కడమే. దానికి డబ్బులు తీసుకోను.

సరే, ఇప్పుడు అసలు పోలిక. ఎక్కువమంది తేల్చుకోలేనిది ఇదే, మామూలు ఓటీజీ పిన్ను కొని ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవే వాడుకోవాలా, లేకపోతే ఒక పక్క టైప్ సీ, ఇంకో పక్క మామూలు యూఎస్‌బీ ఉండే రెండు మూతుల పెన్‌డ్రైవ్ కొత్తగా కొనాలా. నా మాట ఏటంటే, మీ పని అంతా పాటలూ సినిమాలూ ఫోన్లోంచి తీసి ఆటో స్టీరియోకో, సౌండ్ బాక్సుకో, టీవీకో పెట్టుకోవడమే అయితే రెండు మూతులదే కొనండి, పిన్ను పోయింది, ఎక్కడ పెట్టానో గుర్తులేదు అనే బాధ ఉండదు. రథయాత్రకి, జాతరలకి పాటలు ఎక్కించుకునే కుర్రాళ్ళందరికీ నేనదే ఇస్తాను. అదే ఇవాళ పెన్‌డ్రైవ్, రేపు కీబోర్డు, ఎల్లుండి కార్డు రీడర్ అని రకరకాలు పెట్టేవాళ్ళయితే విడి పిన్నే మేలు, ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోతది, వంద, నూటేభైలో వచ్చేస్తది.

పిన్నులో కూడా రెండు రకాలు, గోలీకాయంత ముద్దలాగా ఉండేది ఒకటి, బెత్తెడు వైరు ఉండేది ఇంకొకటి. చాలామంది ముద్దది ముద్దుగా ఉందని అడుగుతారు, నేను మాత్రం వైరుదే ఇస్తాను. ముద్ద పిన్నుకి పెన్‌డ్రైవ్ తగిలిస్తే జానెడు కర్ర ఫోనుకి కింద వేలాడినట్టు ఉంటది, జేబులోనో, గుణుపురం రైల్లో పక్కవాడి మోచేయి తగిలో ఒక్క దెబ్బ పడిందంటే వంగేది పెన్‌డ్రైవ్ కాదు, ఫోన్ ఛార్జింగ్ జాకు. జాకు మార్పించే ఖర్చులో అలాంటి పిన్నులు ఎన్నో వస్తాయి. రెండు మూతుల పెన్‌డ్రైవ్‌కి కూడా ఇదే గండం ఉంది, అది పెట్టినంతసేపూ ఫోన్ని టేబుల్ మీద పడుకోబెట్టండి.

ఇంకా వీ8 పిన్ను, అంటే టైప్ సీకి ముందు వచ్చిన మైక్రో యూఎస్‌బీ జాకు, ఉన్న ఫోన్లు వాడేవాళ్ళు ఉన్నారు మా వైపు, ముఖ్యంగా పెద్దవాళ్ళు. దానికి వేరే ఓటీజీ వస్తది, అందులో ఐడీ అనే నాలుగో పిన్నుని గ్రౌండ్ పిన్నుకి కలిపేసి ఉంటారు, అది చూసే ఫోను ఓహో నేనే యజమానిని అనుకుంటది. టైప్ సీలో అదే పని ఒక చిన్న రెసిస్టర్ చేస్తది. ఆ చిన్న ముక్క వెయ్యకుండా ఒట్టి వైర్లు కలిపి అమ్మే నాసిరకం కన్వర్టర్లు కూడా దొరుకుతాయి, వాటికి పెన్‌డ్రైవ్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు, అందుకే ప్యాకెట్ మీద ఓటీజీ అని రాసుందా లేదా చూసి కొనండి.

పెన్‌డ్రైవ్ స్పీడు గురించి ఒక మాట, దీనికే ఎక్కువ డబ్బులు తగలేస్తారు కాబట్టి. ప్యాకెట్ మీద యూఎస్‌బీ 3.2, సెకనుకి 150 ఎంబీ అని ఉంటే ఫోన్లో అంత వచ్చేస్తదని అనుకుంటారు, రాదు. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి జాకు టైప్ సీ ఆకారమే గానీ లోపల నడిచేది యూఎస్‌బీ 2, అంటే కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకి 30, 40 ఎంబీ. 60 జీబీ పెళ్ళి వీడియో అనుకోండి, సెకనుకి 30 చొప్పున అరగంట దాటుతది, పెన్‌డ్రైవే చవక రకమై రాసే స్పీడు 10 ఎంబీ దగ్గర ఉంటే గంటన్నర పైమాటే. ఫోను ఖరీదైనది, బాక్స్ మీద యూఎస్‌బీ 3 అని ఉంది అంటే అప్పుడు మంచి పెన్‌డ్రైవ్‌కి డబ్బులు పెట్టండి, లేదంటే అదే డబ్బుతో ఎక్కువ జీబీ కొనుక్కోండి.

ఇంకో తిరకాసు ఫార్మాట్, అంటే పెన్‌డ్రైవ్ లోపల ఫైళ్ళు సర్దే పద్ధతి. ఇది మా ఆటో వాళ్ళ కథ. ఫోన్లో పాటలన్నీ బాగా వస్తన్నాయి, అదే పెన్‌డ్రైవ్ ఆటోలో పెడితే స్టీరియో నోరు మెదపదు. ఎందుకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి, పాత స్టీరియోలకి, పాత టీవీలకి చాలావాటికి తెలిసింది ఫ్యాట్ 32 ఒక్కటే. పోనీ అన్నీ ఫ్యాట్ 32 చేసేద్దామా అంటే అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, జాగా ఎంత ఖాళీ ఉన్నా సరే. కాబట్టి పాటలకి చిన్నది ఒకటి ఫ్యాట్ 32లో, సినిమాలకీ పెళ్ళి వీడియోలకీ పెద్దది ఒకటి ఎక్స్‌ఫ్యాట్‌లో, రెండూ విడివిడిగా పెట్టుకోండి. కంప్యూటర్‌లో వాడే హార్డ్‌డిస్క్‌లు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటాయి, అది చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చదవవు, చదవలేనప్పుడు ఫోను ఏటి చేస్తదంటే ఈ డ్రైవ్ సరిగా లేదు, ఫార్మాట్ చెయ్యమంటారా అని మర్యాదగా అడుగుతది. నొక్కకండి. దండం పెట్టి చెప్తన్నాను, నొక్కకండి. కాశీనగర్ నుంచి ఒకాయన కూతురి పెళ్ళి వీడియోలున్న డిస్క్ తెచ్చి, ఫోన్ అడిగింది కదా అని సరే నొక్కేశాను బాబూ, ఇప్పుడు ఖాళీగా ఉంది అన్నాడు. ఆ మనిషికి ఏటి చెప్పాలో నాకు తెలీలేదు, వెంటనే ఇంకేమీ ఎక్కించకుండా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళమని చెప్పి పంపాను. ఫోన్ చదవకపోతే తీసేసి కంప్యూటర్‌లో పెట్టండి, అక్కడ సరుకంతా వేరేచోట దాచుకున్నాకే ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి.

హార్డ్‌డిస్క్ సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. లోపల తిరిగే పళ్ళెం ఉండే పాత రకం డిస్క్‌ని ఉత్త ఓటీజీ పిన్నుతో పెడితే టక్ టక్ అని చప్పుడు చేసి ఊరుకుంటది, తిరగడం మొదలెట్టడానికి కావాల్సిన కరెంటు ఫోను ఇవ్వలేదు పాపం. అలగే వదిలేస్తే డిస్క్‌కి కూడా మంచిది కాదు. ఇక్కడ మీకు రెండు దార్లు. ఒకటి, ఛార్జర్ తగిలించుకునే జాకు కూడా ఉండే టైప్ సీ హబ్బు, పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉంటది, డిస్క్ ఒక పక్క, ఛార్జర్ ఒక పక్క, అప్పుడు తిండి ఛార్జర్ పెడతది, ఫోను పని మాత్రమే చెప్తది, పైగా ఫోను కూడా ఛార్జ్ అవుతది, ఫాస్ట్ ఛార్జింగ్ రాకపోవచ్చు గానీ నెమ్మదిగా ఎక్కుతది. రెండు, డిస్క్ ఒగ్గేసి తిరిగే పళ్ళెం లేని ఎస్‌ఎస్‌డీ కొనడం, చిన్నది, కింద పడినా అంత బాధ ఉండదు, చాలా ఫోన్లు దాన్ని నేరుగా లాగేస్తాయి. ఇంట్లో ఇప్పటికే డిస్క్ ఉంటే హబ్బు కొనండి, కొత్తగా కొనేవాళ్ళు హబ్బూ డిస్కూ రెండూ కొనే బదులు ఎస్‌ఎస్‌డీకే పోండి. వీ8 ఫోన్లు ఉన్నవాళ్ళు మాత్రం రెండు తోకల వై కేబుల్ కొని ఆశపడకండి, దాంతో డిస్క్‌కి కరెంటు అందుతది గానీ ఫోన్ ఛార్జింగ్ ఎక్కదు చాలావాటిలో.

ఫోటోగ్రాఫర్లకి పెద్దగా చెప్పక్కర్లేదు, వాళ్ళకి నా కంటే ఎక్కువ తెలుసు. కెమెరాకి కేబుల్ పెట్టి ఫోన్లోకి ఫోటోలు లాగొచ్చు, కెమెరా వైఫైతోనూ లాగొచ్చు, కానీ పెళ్ళి పందిట్లో వందలకొద్దీ ఫోటోలు వైఫైలో పంపడం అంటే అక్షింతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేసినట్టు ఉంటది. టైప్ సీ కార్డు రీడర్ కొనండి, ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ రెండూ పట్టేది, కెమెరా బ్యాటరీ కూడా మిగులుద్ది.

ఇప్పుడు మా వైపు ముఖ్యమైనది, వేలిముద్ర మెషీను. ఊరూరా తిరిగి ఆధార్‌తో డబ్బులు తీసిచ్చే అబ్బాయిలు, పింఛనీ పనులు చూసేవాళ్ళు ఫోనుకి తగిలించేది ఇదే. దీంట్లో పిన్ను కంటే ముందు మెషీను రకం చూడాలి. ఎల్0, ఎల్1 అని రెండు రకాలు, ఎల్0లో వేలిముద్రని తాళం వేసే పని బయట, ఫోన్లోనో కంప్యూటర్‌లోనో ఉండే సాఫ్ట్‌వేర్ చేస్తది, ఎల్1లో ఆ తాళం మెషీను లోపలే పడిపోతది, మధ్యలో ఎవరూ దొంగిలించడానికి ఉండదు. ఆధార్ వాళ్ళు ఎల్0ని పక్కన పెట్టి ఎల్1కి రమ్మన్నారు, కాబట్టి ఎవరైనా పాతది సగం ధరకి ఇస్తానంటే ఆశపడకండి, అది బరువుకి తప్ప దేనికీ పనికిరాదు. తర్వాత మెషీన్ని ఆధార్ పనులకి కలిపే ఆ కంపెనీ ఆర్‌డీ సర్వీస్ యాప్ ప్లే స్టోర్ నుంచి ఎక్కించాలి, మెషీను తగిలించగానే ఫోను పర్మిషన్ అడుగుతది, అక్కడ ఎప్పుడూ ఇదే వాడు అనే గడిలో టిక్కు పెట్టండి, లేకపోతే ప్రతి ముసలమ్మ దగ్గరా మళ్ళీ మళ్ళీ అడుగుతది.

దీనికి ముద్ద పిన్ను అసలు వద్దు. రోజుకి ఎంతోమంది చేతులు పడతాయి, ప్రతిసారీ కాస్త కదులుద్ది, కదిలిన ప్రతిసారీ కనెక్షన్ పోయి మెషీను మళ్ళీ మొదలవ్వాలి, వెనకాల లైన్లో జనం గొణుగుడు. నేరుగా టైప్ సీ వైరుతో వచ్చే మెషీను దొరికితే ఓటీజీ గొడవే ఉండదు, అదే కొనండి. ఇంకో సంగతి, ముద్ర పడకపోతే ప్రతిసారీ కేబుల్ని తిట్టకండి. మా పక్కన పలాస వైపు జీడిపప్పు పని చేసేవాళ్ళు ఎంతమంది, ఆ జీడి తగిలి వేళ్ళ మీద గీతలే అరిగిపోతాయి, మా మేనత్త చేతులు చూస్తే నున్నగా ఉంటాయి. అలాంటివాళ్ళకి చెయ్యి కడిగి తుడిచి, పది వేళ్ళలో ఏది బాగుందో చూసి అది పెట్టించాలి, అంతే గానీ కొత్త ఓటీజీ కొన్నా లాభం లేదు.

మౌసు, కీబోర్డు తగిలిస్తే చాలు, నడుస్తాయి. బ్లూటూత్‌వి ఉంటే ఓటీజీ కూడా అక్కర్లేదు. కాంపిటేటివ్ పరీక్షలకి ఫోన్లో టైపింగ్ ప్రాక్టీస్ చేసే గుంటలు మాత్రం వైరు కీబోర్డే తీసుకోండి, బ్యాటరీ అయిపోయింది అనే సాకు ఉండదు.

ఇయర్‌ఫోన్ జాకు లేని ఫోన్లకి టైప్ సీ నుంచి గుండ్రటి జాకు ఇచ్చే కన్వర్టర్ అడుగుతారు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల డాక్ అనే చిప్, అంటే ఫోన్లోని డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చేలా మార్చేది, ఉన్నవీ లేనివీ అని తేడా. చిప్ ఉన్నది దాదాపు అన్ని ఫోన్లకీ పనిచేస్తది, లేనిది కొన్నిటికే, శామ్‌సంగ్ కొత్త ఫోన్లకీ పిక్సెల్‌కీ చిప్ ఉన్నదే కావాలి. ఇరవై రూపాయలు మిగులుతాయని లేనిది కొనకండి. ఇక ఫోన్ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కన్వర్టర్ అయితే నేను అమ్మడానికే భయపడతాను, అది డిస్‌ప్లేపోర్ట్, అంటే టైప్ సీ జాకులోంచి బొమ్మ బయటికి పంపే సదుపాయం, ఉన్న ఫోన్లకే బొమ్మ ఇస్తది, పదివేల ఫోనుకి టైప్ సీ ఉన్నంత మాత్రాన రాదు. మీ మోడల్‌కి వస్తదని తెలిసాకే కొనండి, లేదంటే సినిమాని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకే పెట్టేయండి, అయిపోద్ది.

ఇవన్నీ ఎందుకు, అంతా క్లౌడ్‌లో పెట్టేసుకోవచ్చు కదా అని మా బామ్మర్ది విశాఖపట్నంలో కూర్చుని చెప్తాడు. గూగుల్ ఇచ్చేది 15 జీబీ ఉచితం, అందులోనే మెయిలు, ఫోటోలు అన్నీ. పైగా వాడిని ఒకసారి మోహన వైపు కొండల్లోకి తీసుకెళ్ళి అప్‌లోడ్ చెయ్యమనాలి, సిగ్నల్ కోసం చెట్టెక్కుతాడు. కానీ ఒకటి ఒప్పుకుంటాను, ఫోన్ నుంచి ఫోన్‌కి పంపడానికయితే పెన్‌డ్రైవ్ దండగ. 2020లో షేర్‌ఇట్, జెండర్ అనే ఫైళ్ళు పంపుకునే యాప్‌లు బ్యాన్ అయినప్పటి నుంచి జనం తెలీని యాప్‌లన్నీ ఎక్కించుకుంటన్నారు, ఆండ్రాయిడ్‌లోనే క్విక్ షేర్ ఉంది, నెట్ లేకపోయినా పక్కపక్క ఫోన్లకి వెళ్ళిపోతది, పైసా ఖర్చు లేదు. నాకు గిరాకీ తగ్గినా పర్లేదు, అది వాడండి.

మోసం గురించి కూడా చెప్పాలి, నేనే పడ్డాను కాబట్టి సిగ్గు లేకుండా చెప్తాను. ఒకసారి సంతలో ఒకడు 1 టీబీ పెన్‌డ్రైవ్ అని అయిదొందలకి ఇచ్చాడు, వ్యాపారం చేసేవాడిని అయ్యుండి కూడా కొన్నాను. ఫోన్లో పెడితే 1 టీబీ అనే చూపించింది. సినిమాలు ఎక్కించాను, పేర్లన్నీ కనిపిస్తన్నాయి, మొదటివి నాలుగైదు ఆడినాయి, మిగతావి నొక్కితే నల్ల స్క్రీను. అసలు జాగా కాస్తే, చిప్‌కి అబద్ధం చెప్పడం నేర్పించారు. అప్పటి నుంచి ఏ పెన్‌డ్రైవ్ వచ్చినా ముందు కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపించి చదివించాకే అమ్ముతాను. మీరూ అనుమానం వస్తే చేయించుకోండి.

పెన్‌డ్రైవ్ తీసేటప్పుడు గబుక్కున లాగేయకండి, నోటిఫికేషన్‌లో ఎజెక్ట్ అని ఉంటది, అది నొక్కి రెండు సెకన్లు ఆగండి, కాపీ అయిపోయిందని స్క్రీన్ చెప్పినా వెనకాల ఇంకా రాస్తానే ఉంటది. వానాకాలంలో జాకులో తేమ ఉందని ఫోను హెచ్చరిస్తే ఓటీజీ పెట్టకండి, ఉఫ్‌మని ఊదడం, అగ్గిపుల్ల పెట్టి తిప్పడం అసలు వద్దు, ఫ్యాను కింద కాసేపు ఒగ్గేయండి. జెరాక్స్ షాపుల్లో, మా కొట్టుతో సహా, పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతే అది కంప్యూటర్ వైరస్, మీ ఫోన్ని అదేమీ చెయ్యదు గానీ ఇంకో కంప్యూటర్‌కి అంటించేది మీరే అవుతారు.

చివరగా, కొట్టుకి వచ్చేటప్పుడు ఫోనూ, దానికి పెట్టాల్సిన వస్తువూ రెండూ పట్టుకురండి, కౌంటర్ మీదే తగిలించి చూసుకుని డబ్బులివ్వండి. అలాగే ఫోనుకి వేసిన ఆ లావుపాటి కవరు తీసి చూడండి. మొన్న పాతపట్నం నుంచి ఒక మావయ్య నాలుగో పిన్ను కొనడానికి వచ్చాడు, ఏది పెట్టినా పనిచెయ్యట్లేదట, నేను కవరు ఊడదీసి ఆ పాత పిన్నే పెడితే టక్కుమని లోపలికి దిగింది, పెన్‌డ్రైవ్ వచ్చింది. "అయితే ఆ మూడు పిన్నుల డబ్బులూ?" అన్నాడు. రెండు వేరే కొట్టువి మావయ్యా, ఒకటి నాది, అది వెనక్కి తీసుకుంటాను అన్నాను.